నాలుగు రోజుల సెలవుకి కలకత్తానా, చెన్నైనా?

ఇంట్లో నాలుగు రోజుల సెలవు కలిసొచ్చిందంటే చాలు, ఎక్కడికైనా వెళ్ళొద్దామా అన్న మాట వస్తుంది. దాని వెనకాలే ఎక్కడికి అన్న తగువూ వస్తుంది. పిల్లలొక ఊరంటారు, మగవాళ్ళొక ఊరంటారు, పెద్దవాళ్ళు గుడి ఉన్న ఊరంటారు. మనం మాత్రం "మీ అందరికీ ఏదిష్టమైతే అదే" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. అవునా, కాదా? మీరే చెప్పండి.

మాది విశాఖపట్నం. రైలు పటంలో చూస్తే మా ఊరిది భలే చోటు. ఇటు దక్షిణానికి వెళ్తే చెన్నై సుమారు 780 కిలోమీటర్లు, అటు ఉత్తరానికి వెళ్తే కలకత్తా సుమారు 880 కిలోమీటర్లు. రెండూ మహానగరాలే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో రెండూ పెద్ద రాజధానులే. మద్రాసు 1996లో చెన్నై అయింది, కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. మా ఇంట్లో ఇప్పటికీ కలకత్తా అనే అలవాటు, ఇక్కడా అలాగే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నేను రెండూ చూశాను. 2019 డిసెంబరులో మా అత్తగారితో సహా అందరం చెన్నై వెళ్ళాం. 2024 జనవరిలో మావారు, నేను, మా అమ్మాయి కలకత్తా వెళ్ళొచ్చాం. అప్పుడు అత్తగారు అనకాపల్లిలో మా ఆడపడుచు దగ్గర ఉన్నారు. వచ్చే సంక్రాంతి అయ్యాక మళ్ళీ నలుగురికీ నాలుగు రోజులు వీలు కుదిరేలా ఉంది. మళ్ళీ తగువూ మొదలైంది. అది ఎలా తీరిందో చెప్తే, మీ ఇంట్లోనూ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మీ ఊళ్ళు వేరు కావచ్చు, లెక్క మాత్రం ఒకటే.

ముందు మనుషుల్ని చూసుకోండి

ఏ ఊరు గొప్పది అని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. వెళ్ళేది ఎవరు అని మొదలుపెట్టండి. ఒక కాగితం మీద పేర్లు రాసి, ఒక్కొక్కరికీ ఎదురుగా నాలుగు ముక్కలు రాయండి. మెట్లు ఎక్కగలరా? తిండికి పట్టింపులున్నాయా? ఆ ఊరి భాషగానీ హిందీగానీ వచ్చా? తప్పకుండా చూడాలనుకుంటున్నది ఏది?

ఆ చివరి దాంట్లో ఒక్కటే రాయనివ్వండి. మా అమ్మాయిని అడిగితే ఏకంగా తొమ్మిది చెప్పింది. తొమ్మిదీ చూడాలంటే ఎవరికీ ఏదీ గుర్తుండదు, కాళ్ళనొప్పులు మాత్రం గుర్తుంటాయి. నాలుగు రోజుల ప్రయాణమంటే నాలుగు రోజులూ ఊళ్ళో ఉంటామని కాదు కదా! రాకపోకలు తీసేస్తే చేతికి దక్కేది రెండు నిండు రోజులు, రెండు ముక్కలు. నలుగురికి నాలుగు కోరికలు తీరాయంటే ఆ ప్రయాణం పండినట్టే.

ఆ కాగితంలో మీ పేరు కూడా రాసుకోవడం మర్చిపోకండి. ఈ మాట ఎందుకన్నానో చివర్లో చెప్తాను.

రైలు ఏ వేళకి దింపుతుంది?

దూరం చూసి చెన్నై దగ్గర కదా అనుకుంటాం. దూరం కన్నా వేళ ముఖ్యం. మా ఊరి మీదుగా షాలిమార్, చెన్నై సెంట్రల్ మధ్య కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. చెన్నై వెళ్ళేది మా స్టేషనుకి తెల్లవారుజామున వచ్చి, సాయంత్రానికి చేరుస్తుంది. అంటే పగలంతా రైల్లోనే గడిచిపోతుంది. కలకత్తా వైపు వెళ్ళేది సాయంత్రం చీకటి పడే వేళకి వచ్చి, మర్నాడు పొద్దెక్కాక దింపుతుంది. దారంతా నిద్రలో గడిచిపోతుంది. వంద కిలోమీటర్లు ఎక్కువైనా ఒక పగలు మిగిలినట్టే కదా! ఇంకా వేరే రైళ్ళూ ఉన్నాయి. వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి టిక్కెట్టు తీసే ముందు మీరే ఒకసారి చూసుకోండి.

ఇంకో సంగతి. షాలిమార్ వేరు, హౌరా వేరు. రెండూ హుగ్లీ నదికి అవతలి ఒడ్డునే ఉన్నా, మధ్యలో కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది. హౌరాలో దిగితే స్టేషను పక్కనే మెట్రో ఉంది. షాలిమార్‌లో దిగితే టాక్సీగానీ బస్సుగానీ చూసుకోవాలి. పెద్దవాళ్ళూ సామానూ ఉన్నప్పుడు ఇది ముందే తెలియడం మంచిది.

2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు, వెనకటిలా 120 రోజులు కాదు. అందుకని క్యాలెండరు మీద ఆ తేదీకి సున్నా చుట్టి పెట్టుకోండి. 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి కింది బెర్తు కోటా ఉంటుంది. ఒంటరిగానో, ఒక టిక్కెట్టు మీద ఇద్దరుగానో వెళ్ళేవాళ్ళకే అది వర్తిస్తుంది. అందుకని అత్తాకోడళ్ళిద్దరికీ ఒక టిక్కెట్టు, తండ్రీకూతుళ్ళకి ఇంకోటి తీస్తే అత్తగారికి పై బెర్తు ఎక్కే బాధ తప్పుతుంది.

చెన్నైలో మనవాళ్ళకి దొరికేవి

చెన్నైలో మన తెలుగువాళ్ళకి పరాయి ఊరన్న బెరుకు ఉండదు. ఆటో అతనికో కూరగాయల ఆవిడకో నాలుగు తెలుగు ముక్కలు వచ్చే ఉంటాయి. టీనగర్‌లో పానగల్ పార్కు అని ఉంది చూడండి, అది మద్రాసు ప్రెసిడెన్సీని పాలించిన మన తెలుగాయన పానగల్లు రాజాగారి పేరే. మన సినిమాలన్నీ ఒకప్పుడు తయారైంది ఆ పక్కనున్న కోడంబాకం, వడపళనిల్లోనే.

మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో ఆయన 58 రోజులు నిరాహారదీక్ష చేసి, డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లది. మర్నాటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. కపాలీశ్వరుడి గుడికి వెళ్ళేవాళ్ళు పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్ళండి. పాఠంలో చదివింది కళ్ళతో చూస్తారు.

ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియం ఉంది. 1851లో మొదలైంది. మన అమరావతి స్తూపం మీది చలువరాతి శిల్పాలు ఎన్నో అక్కడే ఉన్నాయి. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. ఎగ్మూరుకి సెంట్రల్ నుంచి మెట్రో ఉంది. వడపళని మురుగన్ గుడికీ అదే లైను. చెన్నై మెట్రో 2015లో మొదలయ్యాక మనబోటివాళ్ళకి ఆటోల బేరాల బాధ సగం తగ్గింది. టీనగర్‌కి మాంబళం స్టేషను దాకా లోకల్ రైల్లో వెళ్తే, అక్కడి నుంచి బస్టాండు దాకా 2023లో కట్టిన ఆకాశ వంతెన ఉంది. రంగనాథన్ వీధి జనంలో నలగకుండా పైనుంచి నడిచిపోవచ్చు.

గుళ్ళు మధ్యాహ్నం మూసేసి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. అందుకని పొద్దున్నే దర్శనం, మధ్యాహ్నం భోజనం, కాస్త కునుకు, సాయంత్రం బజారు, ఈ వరస పెట్టుకుంటే పెద్దవాళ్ళు అలిసిపోరు. ఇంకో రోజు ఉంటే కారు మాట్లాడుకుని మహాబలిపురం వెళ్ళొచ్చు, సుమారు 60 కిలోమీటర్లు. ఎండలో రాళ్ళ మీద నడక కాబట్టి పొద్దున్నే వెళ్ళి పదింటికల్లా చూడటం ముగించండి. మరి మెరీనా అంటారా? మీది హైదరాబాదో కర్నూలో అయితే తప్పకుండా చూడండి. మా విశాఖవాళ్ళకి సముద్రం కొత్త కాదు కదా!

మా అత్తగారికి నచ్చింది మాత్రం ఇవేవీ కావు. డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా చెన్నైలో సంగీత సభలు జరుగుతాయి. పెద్ద విద్వాంసులకి టిక్కెట్టు ఉంటుంది కానీ, పగటిపూట చిన్నవాళ్ళ కచేరీలు చాలాచోట్ల ఉచితం. అలా ఒక సభలో కూర్చున్నాం. పాడిన అమ్మాయిది తమిళం, వినేవాళ్ళదీ తమిళం, పాడుతున్నది మాత్రం త్యాగయ్యగారి తెలుగు కీర్తన. పక్కనున్న పెద్దావిడ తొడ మీద తాళం వేస్తూ, మా అత్తగారిని ఒక మాటకి అర్థం అడిగింది. ఈవిడ చెప్పారు. ఆవిడ కళ్ళు మూసుకుని తల ఊపింది. మా అత్తగారు ఇంటికొచ్చాక నెల రోజుల పాటు ఈ ముచ్చటే చెప్పుకున్నారు. సభల దగ్గర క్యాంటీన్లు పెడతారు. అక్కడి పొంగలి, కాఫీ కోసమే వచ్చేవాళ్ళూ ఉన్నారు.

కలకత్తాలో కొత్తగా కనిపించేవి

కలకత్తాలో తెలుగు చెల్లదు. హిందీ కాస్త వస్తే నడిచిపోతుంది. మగవాళ్ళని దాదా, ఆడవాళ్ళని దీదీ, పెద్దావిడలని మాషీమా అని పిలిస్తే చాలు, మొహాలు విచ్చుకుంటాయి. అయినా శరత్ బాబు నవలలు తెలుగులో చదువుకుని పెరిగినవాళ్ళం, దేవదాసు సినిమా చూసి ఏడ్చినవాళ్ళం. ఆ ఊరు మనకి మరీ తెలియనిది ఎలా అవుతుంది? అరుగులున్న పాత మేడలు, ఆకుపచ్చ రంగు చెక్క కిటికీలు చూస్తుంటే ఎప్పుడో చదివిన పేజీలు గుర్తొచ్చాయి నాకు.

అక్కడ ఒక పెద్ద సదుపాయం ఉంది. మన దేశంలో మొదటి మెట్రో రైలు 1984లో నడిచింది కలకత్తాలోనే. ఆ పాత లైను మీదే మనం చూడాలనుకునేవన్నీ వరసగా ఉన్నాయి. కాళీఘాట్‌లో దిగితే కాళీమాత గుడి. రవీంద్ర సదన్ దగ్గరో మైదాన్ దగ్గరో దిగితే విక్టోరియా మెమోరియల్. పార్క్ స్ట్రీట్‌లో దిగితే 1814లో మొదలైన ఇండియన్ మ్యూజియం, అందులో ఈజిప్టు మమ్మీ ఉంది. ఎస్ప్లనేడ్‌లో దిగితే న్యూ మార్కెట్టు. ఇంకా పైకి వెళ్ళి గిరీష్ పార్కులో దిగితే, కాస్త దూరంలో రవీంద్రనాథ్ ఠాగూరుగారు పుట్టి, కన్నుమూసిన జొరాసాంకో ఇల్లు. ఆ లైను చిట్టచివర దక్షిణేశ్వర్. 2021లో అక్కడిదాకా పొడిగించారు. సోమవారం నాడు విక్టోరియా, మ్యూజియం, ఠాగూరుగారి ఇల్లు మూసి ఉంటాయి. ఆ రోజుని గుళ్ళకి పెట్టుకోండి.

మేం వెళ్ళొచ్చిన రెండు నెలలకి, అంటే 2024 మార్చిలో, హుగ్లీ నది కింద నుంచి మెట్రో మొదలైంది. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కి నది అడుగున వెళ్ళిపోవచ్చు. 2025 ఆగస్టులో దాన్ని సియాల్దాతో కలిపారు. అయినా ఒక్కసారైనా హౌరా వంతెన మీద నడవండి. 1943లో తెరిచారు. నట్లు, బోల్టులు లేకుండా రివిట్లతోనే కట్టారట. వంతెన కింద మల్లిక్ ఘాట్ పూలబజారు పొద్దున్నే చూడాలి. బంతిపూల దండలు మోపులు మోపులుగా తలకెత్తుకుని వస్తుంటే, మన సంక్రాంతి బజారు దాని ముందు చిన్నదే అనిపిస్తుంది.

దక్షిణేశ్వరం గుడిని 1855లో కట్టించింది రాణీ రాసమణి అనే ఆవిడ. భర్త పోయాక ఆస్తి తనే చూసుకుంటూ అంత గుడి కట్టించింది. రామకృష్ణ పరమహంస పూజారిగా ఉన్నది అక్కడే. ఆ ఆవరణలో నహబత్ అని ఒక చిన్న కట్టడం ఉంది. దాని కింది గదిలోనే శారదాదేవి ఏళ్ళ తరబడి ఉన్నారు. మన వంటింట్లో సగం కూడా ఉండదు. వంట, పడక, సామాను, వచ్చిన ఆడవాళ్ళకి చోటు, అన్నీ అందులోనే! గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మావారు "పద, ఆలస్యమవుతుంది" అంటున్నా నా కాళ్ళు కదల్లేదు. మా వంటింట్లో అలమర చాలడం లేదని అంతకు ముందు వారమే నేను గొణిగాను మరి!

ట్రాము సంగతి కూడా చెప్పాలి. 1873లో గుర్రాలతో మొదలైంది, తర్వాత కరెంటుతో నడిచింది. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య ముక్క తప్ప మిగతావి తీసేస్తామని ప్రకటించింది. ట్రాము ఎక్కాలన్న కోరిక ఉన్నవాళ్ళు మరీ వాయిదా వెయ్యకండి.

తిండి దగ్గర తేడా

చెన్నైలో తిండికి దిగులు లేదు. ఇడ్లీ, పొంగలి, సాంబారు, పెరుగన్నం ఏ వీధిలోనైనా దొరుకుతాయి. కారం మాత్రం మనకి చప్పగా ఉంటుంది. ఒక చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్తే సరి.

కలకత్తాలో ఆవనూనె వాసన మనకి మొదట పడదు. చేపలు లేని వంట కావాలంటే "నిరామిష్" అని అడగాలి. లూచీ అంటే మైదాపిండి పూరీ, దానికి ఆలూదమ్. పెద్దవాళ్ళకి పొద్దున్న అది బాగానే ఉంటుంది. లేక్ మార్కెట్టు వైపు దక్షిణాదివాళ్ళు చాలాకాలంగా ఉన్నారు కాబట్టి ఇడ్లీ, దోసె, సాంబారు అన్నం దొరుకుతాయి. రోజుకొక పూట అక్కడ తినేలా చూసుకుంటే అత్తగార్లకి ఇబ్బంది ఉండదు. ఇక మిఠాయిల సంగతి చెప్పక్కర్లేదు. చలికాలంలో వెళ్తే ఖర్జూరపు బెల్లంతో చేసిన సందేశ్ తప్పకుండా తినండి. ఆ కొత్త బెల్లాన్ని నొలేన్ గూడ్ అంటారు. ఎండాకాలంలో అది దొరకదు.

అక్కడ నేర్చుకున్న కూర ఒకటి చెప్తాను, మన ఇళ్ళలోనూ బాగుంటుంది. మూడు చెంచాల గసగసాలు గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు పచ్చిమిరపకాయలతో మెత్తగా రుబ్బండి. పావుకిలో బంగాళాదుంపలు చెక్కు తీసి ముక్కలు కొయ్యండి. నూనె కాగాక అర చెంచా నల్లజీలకర్ర వేసి, ముక్కలు వేసి, ఉప్పు, చిటికెడు పసుపు చల్లి వేయించండి. కొద్దిగా నీళ్ళు చిలకరించి మూత పెట్టండి. ముక్క మగ్గాక గసగసాల ముద్ద కలిపి, చిటికెడు పంచదార వేసి, దగ్గరపడ్డాక దించెయ్యండి. దీన్ని ఆలూ పోస్తో అంటారు. వాళ్ళు ఆవనూనెతో చేస్తారు, నేను మామూలు నూనెతోనే చేస్తాను. ఉల్లి, వెల్లుల్లి లేవు కాబట్టి పూజల రోజుల్లోనూ చేసుకోవచ్చు.

చీరల మాట

ఈ మాట లేకపోతే మీరు నన్ను క్షమించరని తెలుసు. చెన్నై అంటే కంచిపట్టు. ఇంట్లో పెళ్ళి ఉంటే చెన్నై ప్రయాణం దానికే పెట్టుకోండి. సిల్క్ మార్కు చీటీ ఉందో లేదో చూసుకోండి. పెళ్ళి లేనప్పుడు ఊరికే చూద్దామని పట్టుచీరల కొట్టు మెట్లెక్కితే రెండురోజుల ఖర్చు అక్కడే అయిపోతుంది.

కలకత్తా అంటే తాంత్ నేత చీరలు, మనం బెంగాల్ కాటన్ అంటాం. గరియాహాట్ బజారులో వరసగా కొట్లున్నాయి. ఎండాకాలానికి అంత హాయి చీర ఇంకోటి లేదు. పల్చగా ఉండే ఢాకాయ్ జాందానీ, కొంగు మీద రామాయణ భారత బొమ్మలు నేసిన బాలూచరి కూడా దొరుకుతాయి. తాంత్ చీరని మొదటిసారి ఉప్పు నీళ్ళలో కాసేపు నానబెట్టి, విడిగా ఉతికి, పల్చగా గంజి పెట్టి నీడలో ఆరెయ్యండి.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

చెన్నైకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను కబురు ఉంటే ప్రయాణం ఆపుకోండి. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటుంది. కలకత్తాకీ నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మే నెలలో రెండూ వద్దు, ఉక్కకి చచ్చిపోతాం. సంక్రాంతి వేళ గంగాసాగర్ యాత్రికులతో కలకత్తా కిక్కిరిసిపోతుంది కాబట్టి పండగ దాటాక వెళ్ళండి. దసరాకి దుర్గపూజ చూడాలంటే అది వేరే లెక్క. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన పండగ అది, చూసి తీరాల్సిందే. కానీ మోకాళ్ళనొప్పులవాళ్ళని ఆ జనంలోకి తీసుకెళ్ళకండి.

ఇక బస. చెన్నై పెరంబూరులో మా మరిది ఉన్నాడు. మావారు చెన్నై అన్నప్పుడల్లా "గది అద్దె కలిసొస్తుంది" అంటారు. నిజమే. మా తోడికోడలు చాలా మంచిది, పొద్దున ఎనిమిదింటికి ఉద్యోగానికి వెళ్తుంది. నలుగురం దిగామంటే ఆవిడ సెలవు పెట్టాలి, లేదా నేను పొయ్యి దగ్గర నిలబడాలి. చుట్టాలింట్లో దిగితే డబ్బు మిగులుతుంది, మన చేతికి గరిటె మాత్రం తప్పదు. ఇది తప్పని కాదు, లెక్కలో రాసుకోమంటున్నాను. ఒకపూట భోజనానికి వెళ్ళి, పసుపు కుంకుమలు పుచ్చుకుని, రాత్రికి గదికి వచ్చేస్తే ఇద్దరికీ ప్రేమ నిలుస్తుంది.

మా ఇంట్లో తేలిన సంగతి

సరే, కాగితం మీద లెక్క వేశాం. మావారిది చెన్నై, తమ్ముణ్ణి చూసినట్టుంటుందని. మా అమ్మాయిది చెన్నై, టీనగర్ కోసం. అత్తగారు "నాదేముందమ్మా, మీరెక్కడికంటే అక్కడికే" అన్నారు. నేను ఊరుకోలేదు. పక్కన కూర్చుని మళ్ళీ అడిగాను.

అప్పుడు చెప్పారావిడ. మా మామగారిది వాల్తేరులో రైల్వే ఉద్యోగం. "మీ మామగారికి ఏటా పాసు వచ్చేదమ్మా. కలకత్తా కాళికి చూపిస్తానని రాయించుకొచ్చేవారు. ఒక ఏడు మా అత్తగారు మంచాన పడ్డారు. ఒక ఏడు పిల్లల పరీక్షలు. ఒక ఏడు మీ ఆడపడుచు పురుడు. పాసు బీరువాలో ఉండగానే గడువు దాటిపోయేది. ఆయన రిటైరయ్యారు, తర్వాత వెళ్ళిపోయారు. ఇప్పుడేముందిలే!"

ఆవిడకి 76 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఈ మాట ఇదే మొదటిసారి వినడం. 2024లో మేం ముగ్గురం కలకత్తా వెళ్తుంటే గుమ్మందాకా వచ్చి "జాగ్రత్తగా వెళ్ళి రండి" అన్నారే తప్ప నేనూ వస్తానని అనలేదు. అడిగేవాళ్ళు లేకపోతే మన ఆడవాళ్ళ కోరికలు అలాగే బీరువాలో గడువు దాటిపోతాయి.

ఆ రాత్రి మావారు నన్నూ అడిగారు. "అందరివీ రాశావు, నీకెక్కడికి వెళ్ళాలనుంది?" అన్నారు. వెంటనే నోరు పెగల్లేదు. నన్ను నేను అడుగుకుని ఎన్నాళ్ళయిందో! మర్నాడు చెప్పాను. "ఏమండీ, చెన్నై ఎక్కడికీ పోదు. తమ్ముడున్నాడు, భాష ఉంది, వచ్చే ఏడైనా అయిదేళ్ళకైనా వెళ్ళగలం. అత్తయ్యగారి మోకాళ్ళు అయిదేళ్ళు ఆగవు. ఆగేదాన్ని ఆపుదాం, ఆగనిదాన్ని ముందు చూద్దాం. నాకూ ఆవిడతో ఆ నహబత్ గుమ్మం దగ్గర ఇంకోసారి నిలబడాలనుంది."

మావారు కాదనలేదు. మా అమ్మాయి ఒక పూట మూతి ముడుచుకుని, గరియాహాట్ పేరు వినగానే విప్పింది. అలా కలకత్తా ఖాయమైంది.

ఇక మోకాళ్ళ కోసం మేం వేసుకున్న పథకం ఇది. రోజుకి ఒక్క గుడే. దక్షిణేశ్వరంలో స్టేషను దగ్గర నుంచి గుడి వైపుకి 2018లో కట్టిన స్కైవాక్ ఉంది, ఎస్కలేటర్లు ఉన్నాయి. కాళీఘాట్‌లోనూ 2025లో ఒకటి తెరిచారు. దక్షిణేశ్వరం నుంచి బేలూరు మఠానికి పడవలో వెళ్తే బాగుంటుంది కానీ రేవు మెట్లున్నాయి. మేం కారులో బాలీ వంతెన మీదుగా వెళ్తాం. గంగని ఆవిడ ఒడ్డున కూర్చుని చూస్తారు, చెంబుతో నీళ్ళు నేను తెచ్చి నెత్తిన చల్లుతాను. మఠం మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి సాయంత్రానికే వెళ్తాం. పెద్ద గుళ్ళ దగ్గర పూజ చేయిస్తామని వెంటపడేవాళ్ళుంటారు, ఎంతో ముందే మాట్లాడుకోండి.

బయల్దేరే ముందు

దారికి మొదటి రాత్రి పులిహోర, మర్నాటికి దద్దోజనం. అన్నం వేడిగా ఉండగానే కాచిన పాలు ఎక్కువ పోసి మెత్తగా కలిపి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు తోడు వెయ్యండి. పొద్దుటికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. పెద్దవాళ్ళ మందులు రెండు చోట్ల పెట్టండి, ఒక పూటవి మీ చేతిసంచీలో, మిగతావి పెట్టెలో. ఆధార్ కార్డులు అందరివీ ఒకే కవర్లో ఉంచండి. గ్యాసు రెగ్యులేటరు కట్టెయ్యండి, పాలబ్బాయికి చెప్పండి, తులసికి నీళ్ళు పొయ్యమని పక్కింటావిడకి అప్పజెప్పండి. డబ్బు టిక్కెట్లు, గది, తిరగడం, తిండి, కొనడం అని అయిదు కవర్లుగా విడదీసి, ఆరోది చేతి ఖర్చుకి దాచుకోండి. కొనే కవరు ఖాళీ అయితే తిండి కవరు ముట్టుకోకూడదు సుమా!

మీ ఇంట్లోనూ ఎవరి కోరికో ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది. అత్తగారిదో, అమ్మదో, మీదే కావచ్చు. ఊరు ఏదన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు అది అడిగి తెలుసుకోండి. శుభప్రయాణం!